ఒకటో నంబరు నలుపు

మూడు వారాలకోసారి, ఆదివారం పొద్దున పది గంటలకు, మా ఆయన్ని నలభై ఎనిమిదో ఏటి నుంచి ముప్ఫై ఎనిమిదో ఏటికి లాక్కొచ్చే పని నాది. పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. కె.ఆర్.పురంలో ఒక స్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి ఈ పని నా కోసమే పుట్టిందని శశిధర్ నమ్మకం. ట్యూబులోని జుట్టురంగు ఎంతో డెవలపరు అంత, ఒక గాజు గిన్నె, ఒక బ్రష్షు, బాత్రూంలో నీలం స్టూలు. కలిపేటప్పుడు తెల్లగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ బూడిదరంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. ఆ నలుపుకు డబ్బా మీద ఒకటో నంబరు. అంతకన్నా నల్లటిది ఎవరూ తయారు చెయ్యలేదు. చేసి ఉంటే ఆయన అదే తెమ్మనేవారు.

ఆ నలుపు ఆయనకు నప్పదు. ఈ మాట నేనెప్పుడూ ఆయనతో అనలేదు. మా అపార్ట్‌మెంటు గేటు పక్కన పార్లరు నడిపే ఫర్హానా మాత్రం నాతో మొహమాటం లేకుండా అనేది. ఆమెది ఆదోని. పెళ్ళయి కుందలహళ్ళి వచ్చి పదేళ్ళయినా మాట మారలేదు.

"సార్‌ది పచ్చని ఛాయక్కా. ఆ మొగానికి అంత నల్లరంగు కొడితే కండ్ల కింద గుంతలు ఇంకా లోపలికి పోతాయి. వయసులో ఉన్నప్పటి జుట్టు కంటే రెండు మెట్లు తక్కువే వేసుకోవల్ల. నాలుగో నంబరు బ్రౌన్ వేసి సూడు, పదేండ్లు తగ్గుతాడు."

"ఇప్పుడూ పదేళ్ళు తగ్గుతున్నారులే."

"జుట్టుకు తగ్గినాయి. మొగానికి ఏడ తగ్గినాయి?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. మా ఇంట్లో చాలా సంగతులు నేను నవ్వి ఊరుకోవడం వల్లే సాఫీగా నడిచేవి. ఆయనకు కోపం ఎక్కువ. ట్రాఫిక్కు మీద, వైఫై మీద, ఆలస్యంగా వచ్చే నీళ్ళ ట్యాంకరు మీద. చేతితో ఎవరినీ తాకరు. గొంతు చాలు.

అక్టోబరులో అర్పిత నన్ను అడిగింది. అర్పిత మా ఒక్కగానొక్క కూతురు. రెండో ఏడు పీయూసీ, అంటే ఇక్కడి ఇంటరు, పదిహేడేళ్ళు.

"అమ్మా, కొంచెం కలర్ వేయించుకుంటా. చివర్లే. ప్లీజ్."

చివర్లే అయితే సరేనన్నాను. నాన్నకు చెప్పావా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. చెబితే వచ్చే గొడవ కంటే చెప్పకపోతే వచ్చే గొడవ చిన్నదని లెక్కేసుకున్నాను. లెక్క తప్పింది.

ఫర్హానా దాన్ని లైటు కింద కూర్చోబెట్టలేదు. గుమ్మం దగ్గరికి తీసుకుపోయి ఎండకు నిలబెట్టింది. ఒంటి ఛాయ తెలుస్తుందని మణికట్టు తిప్పి నరాలు చూసింది. వెంట్రుకల కుచ్చులు వరసగా అతికించిన పుస్తకం తెచ్చి, ఒక్కొక్క కుచ్చు అర్పిత చెంపకు ఆనించి, దూరంగా జరిగి చూసింది. బంగారు రంగు పెట్టి, "ఇది వద్దు, జ్వరమొచ్చినట్లుండావు" అంది. రాగిరంగు పెట్టి పెదవి విరిచింది. బర్గండీ పెట్టి నా వైపు చూసింది, అంతే. ఆ ముదురు ఎరుపు ఆనగానే పిల్ల మొహంలోకి ఎక్కడి నుంచో వెలుగొచ్చింది.

"బ్లీచింగు గిచింగు ఏం వద్దక్కా. నల్లజుట్టు మీద ఇట్లే వేస్తా. ఇంట్లో నలుపే. ఎండలోకి పోతేనే కనపడతాది."

నిజంగానే ఇంట్లో కనపడలేదు. రెండు రోజులు ఆయన దాని పక్కనే కూర్చుని భోంచేశారు. మూడో రోజు ఆదివారం. కింద ఆయన కారు తుడుస్తుంటే అర్పిత సైకిలు తీసుకుని ఎండలోకి వెళ్ళింది. పై అంతస్తు హేమంత్‌కుమార్, "ఏం సార్, అమ్మాయి హీరోయినైపోయిందే!" అన్నాడట. అతను మామూలుగానే అని ఉంటాడు. తర్వాత ఎప్పుడో అడిగితే, అలా అన్నట్టు కూడా అతనికి గుర్తు లేదు.

ఆయన పైకి వచ్చారు. అర్పితను పిలిచారు. బాల్కనీలో నిలబెట్టి జడ పట్టుకుని వెలుగులో చూశారు.

"ఎవరిని అడిగి చేశావిది?"

అర్పిత నా వైపు చూసింది. అది అడిగితే నేనే సరేనన్నానని ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు. ఏదో చదువుతున్నట్టు నేల వైపు చూశాను.

"సుజాతా, ట్యూబు కలుపు," అన్నారు ఆయన.

ఎలాగూ ఆయన రంగు వేసుకునే ఆదివారమే. ఆయనకేననుకుని మొదలుపెట్టాను. సగం కలిపాక స్టూలు మీద అర్పితను కూర్చోబెట్టడం చూశాను. అప్పటికైనా ఆపొచ్చు. గిన్నెలో పూర్తిగా కలిసేదాకా కలిపాను. ఉండలు లేకుండా.

ఆయన జీవితంలో మొదటిసారి చేతికి తొడుగులు వేసుకుని బ్రష్షు పట్టుకున్నారు. నుదుటి చుట్టూ వాజెలిన్ రాయాలని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. "నాన్నా, ప్లీజ్" అని అది రెండుసార్లు అంది. ఆ తర్వాత కుళాయి వైపు చూస్తూ కూర్చుంది. నేను గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డాను. అరగంటయ్యాక కడిగితే జుట్టంతా ఒకటో నంబరు నలుపు. నుదుటి మీద, చెవి మీద, మెడ మీద కూడా అదే నలుపు. ఎంత రుద్దినా పోలేదు. నాలుగు రోజులు ఆ మరకలతోనే కాలేజీకి వెళ్ళింది. చున్నీ కప్పుకోమంటే కప్పుకోలేదు.

ఆ ఆదివారం నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. అలగలేదు, తలుపులు విసిరెయ్యలేదు. ఆయన గదిలోకి వస్తే లేచి పక్క గదిలోకి పోయేది. నాతో మాత్రం ఎప్పటిలా మాట్లాడేది, టిఫినేంటి, చార్జరెక్కడుంది అంటూ. అది నాకు మరీ కష్టంగా ఉండేది. నాకు సిగ్గుగా ఉండేది. ఆయన రంగు వేశారు గానీ, కలిపింది నేను.

ఆయనకు అర్థం కావడానికి పది రోజులు పట్టింది. "అమ్మలూ, కాలేజీ దగ్గర దింపనా?" అని ఒకసారి, "కొత్త ఫోను చూద్దామా?" అని ఒకసారి అడిగారు. అది బ్యాగు తగిలించుకుని బయటికి నడిచింది. క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, చేతకాదు.

నవంబరు మధ్యలో ఒక తెల్లవారుజామున వెళ్ళి అయ్యప్ప మాల వేసుకుని వచ్చారు. నాకు ముందు చెప్పలేదు. ఎందుకంటే మొక్కు అన్నారు. ఏం మొక్కని నేను అడగలేదు.

నలభై ఒక్క రోజుల దీక్ష. నల్లబట్టలు, వట్టి కాళ్ళు, నాలుగున్నరకు చన్నీళ్ళు, చాప మీద నిద్ర. కోపం కూడదు. క్షవరం కూడదు, గడ్డం గీయకూడదు, రంగు అసలే కూడదు. ఇంట్లో అందరూ ఆయన్ని స్వామీ అనాలి. ఆయన నన్నూ, కూతుర్నీ మాతా అనాలి. మొదటి రోజు మొగుణ్ణి స్వామీ అనడానికి నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

మధ్యాహ్నం భిక్షకు కూర్చున్నారు. దీక్షలో ఉన్నవాళ్ళ భోజనాన్ని అలాగే అంటారు. నేను వంటింట్లో చేతినిండా పని పెట్టుకుని నీళ్ళు ఇవ్వమని అర్పితను పంపాను. కావాలనే పంపాను.

గ్లాసు పెట్టిన చప్పుడు వినిపించింది.

"స్వామీ, నీళ్ళు."

మూడు వారాల తర్వాత అది ఆయనతో అన్న మొదటి మాట. ఆయన తల ఎత్తకుండా, "స్వామి శరణం, మాతా" అన్నారు. అది గబగబా తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను పప్పు మాడబెట్టాను.

ఆ తర్వాత మాటలు కొంచెం కొంచెంగా పెరిగాయి. స్వామీ, భిక్షకు రండి. స్వామీ, మీ ఫోను మోగుతోంది. స్వామీ, వైఫై పాస్‌వర్డ్ మార్చారా? వైఫై పోయినప్పుడు స్వామి అరవలేదు. ట్యాంకరు రానప్పుడూ అరవలేదు. ట్రాఫిక్కులో ఎవడో బైకు అడ్డంగా తోలితే స్టీరింగు పట్టుకుని శరణు ఘోష చెప్పారు. పక్కన కూర్చున్న నాకు భయం వేసిందంటే నమ్మాలి.

మొదటి వారంలోనే పాపిట దగ్గర తెలుపు మొదలైంది. మూడో వారానికి గడ్డమంతా తెల్లగా వచ్చింది, ఒక్క నల్ల వెంట్రుక లేకుండా. నేను పన్నెండేళ్ళుగా ఆ తల మీద పని చేశాను గానీ, ఇంత తెల్లబడిందని నాకూ తెలియదు. వింతేమిటంటే ఆయన మొహం మెత్తబడింది. నోటి పక్కన రెండు గీతలుండేవి, అవి తగ్గినట్టున్నాయి. అది కోపం లేకపోవడం వల్లో, నలుపు లేకపోవడం వల్లో చెప్పలేను.

"ఇప్పుడు బాగుండాడక్కా సారు," అంది ఫర్హానా, గేటు దగ్గర చూసి.

డిసెంబరు మొదట్లో ఆయన ఆఫీసుకు విదేశాల నుంచి క్లయింట్లు వస్తున్నారని తెలిసింది. ఆయన పై అధికారికి ముప్ఫై ఆరేళ్ళు. మా ఆయనకు లోపల గుబులు మొదలైంది. ఆ శనివారం మా ఇంట్లో భజన. గురుస్వామి రాజగోపాల్ వచ్చారు. పాత కె.ఆర్.పురం మనిషి, ఇరవై రెండుసార్లు కొండకు వెళ్ళొచ్చారు. హారతి అయ్యాక మా ఆయన గురుస్వామి పక్కన చేరి, గొంతు తగ్గించి అడిగారు.

"స్వామీ, ఒక చిన్న సందేహం. కెమికల్ ఏదీ లేకుండా... వట్టి ఆకు పొడి. గోరింటాకు, నీలి ఆకు. అది కూడా రంగు కిందికే వస్తుందా?"

రాజగోపాల్ ప్రసాదం నములుతూ ఆయన గడ్డం వైపు చూశారు.

"సుమ్నే, ఊరికే అడగతా ఉండారా, పెట్టుకోవల్లని అడగతా ఉండారా స్వామీ?"

"ఆఫీసులో మీటింగుంది."

"ఉండనీ అప్పా. మీటింగుకు పోయేది మీరు గదా, గడ్డం కాదు గదా. మాల ఏసుకొన్నంక ముసుగెందుకు? ఉండేది ఉన్నట్లే కనపడనీ."

వంటింటి గుమ్మంలో నిలబడి అర్పిత ఇదంతా వింది. ఆయన వట్టి కాళ్ళతో, నల్లచొక్కాతో, తెల్లగడ్డంతో మీటింగుకు వెళ్ళారు. సాయంత్రం వచ్చి చాప మీద కూర్చుని, ఎవరితోనూ కాదన్నట్టు అన్నారు.

"ఈ రోజు మా టీములో కొత్తగా చేరిన పిల్లాడు నన్ను అంకుల్ అన్నాడు."

అర్పిత నవ్వింది. చప్పుడు రాకుండా, పుస్తకం వెనక. ఆయన చూశారు. చూసి కూడా ఏమీ అనకుండా ఊరుకున్నారు, మొదటిసారి. నాకు ఆ పూట ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మర్నాడు క్లాసులో టైట్రేషన్ రెండుసార్లు తప్పు చేసి చూపించాను.

నెలాఖరులో ఇరుముడి కట్టారు. కొండకు తలమీద పెట్టుకుని వెళ్ళే ఆ మూటలో ఇంటివాళ్ళు తలా మూడు గుప్పిళ్ళ బియ్యం పొయ్యాలి. నేను పోశాను. అర్పిత పోసింది. గుప్పిలి నిండా తీసుకుని, ఒక్క గింజ కింద పడకుండా. ఆయన ఆ మూటను తలకెత్తుకున్నారు. "స్వామీ, జాగ్రత్తగా వెళ్ళి రండి" అంది అది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొడవ ముగిసిందని ఆయన అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఐదు రోజులకు తిరిగొచ్చారు. గుళ్ళో మాల తీయించుకుని, దారిలో క్షవరం చేయించుకుని, గడ్డం గీయించుకుని ఇంటికొచ్చారు. నల్లగా మిగిలిన చివర్లన్నీ మంగలి కత్తెరలో పోయాయి. తల దాదాపు తెల్లగా ఉంది. ప్యాంటు, చొక్కా, చెప్పులు వేసుకుని హాల్లో నిలబడి ఉత్సాహంగా పిలిచారు.

"అమ్మలూ! ఇదిగో, ప్రసాదం."

అర్పిత వచ్చింది. రెండు చేతులతో అందుకుంది, కళ్ళకద్దుకుంది. ఏదో అనబోయింది. పెదవులు కదిలాయి కూడా. పిలవడానికి దానికి ఏ మాటా దొరకలేదు. స్వామి వెళ్ళిపోయాడు. నాన్న ఇంకా రాలేదు. ప్రసాదం డబ్బా పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. ఆయన వస్తే లేచి వెళ్ళడం మళ్ళీ మొదలైంది. మూడో రోజు ఆయన కంచం ముందు కూర్చుని నన్ను అడిగారు.

"ఏమైంది దానికి? అన్ని రోజులు బాగానే మాట్లాడింది కదా నాతో?"

"స్వామితో మాట్లాడింది," అన్నాను.

ఆయన చేతిలోని ముద్దను కంచంలో వదిలేశారు. తర్వాత కంచం పక్కకు తోసి లేచారు. నోటి పక్కన ఆ రెండు గీతలు మళ్ళీ కనబడ్డాయి.

కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారం. పది గంటలకు బాత్రూంలోంచి పిలుపొచ్చింది. నీలం స్టూలు మీద తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉన్నారు. ట్యూబు, డెవలపరు కూడా ఆయనే తీసి పెట్టుకున్నారు.

"కలుపు. రేపు ఆఫీసు."

"నేను కలపను," అన్నాను.

"ఏం, చెయ్యి నొప్పా?"

"నొప్పేం లేదు. ఆ రోజు కూడా కలపకుండా ఉండాల్సింది. అది నన్ను అడిగే వేయించుకుంది. నేనే సరేనన్నాను. మీతో చెప్పలేదు."

అరుస్తారనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఈసారి నిలబడి వినడానికి సిద్ధపడే వచ్చాను. ఆయన నా మొహం వైపు, తర్వాత అద్దం వైపు చూశారు. తువ్వాలు తీసి కొక్కేనికి తగిలించారు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. నేను వంటింట్లోకి వెళ్ళి నానబెట్టిన మినప్పప్పు కడగడం మొదలుపెట్టాను.

అరగంటకు ఫర్హానా ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అక్కా, సారు ఈడుండాడు. పాపకు వేసిన రంగే కావల్లంట."

"ఏ రంగు?"

"బర్గండీనేక్కా! నల్లజుట్టు మీద అది అణిగి ఉంటాది గానీ, ఈ తెల్లతల మీద వంకాయ మాదిరి కొడతాది సార్ అని చెప్తి. పుస్తకం తీసి సూపిస్తి. నాలుగో నంబరు మీకు శానా బాగుంటాదని గూడ అంటి. వినేదిల్యా."

ఆమె చెప్పింది నిజం. తెల్లవెంట్రుకలో రంగును దాచడానికి ఏమీ ఉండదు. వేసింది వేసినట్టు బయటికి కనబడుతుంది. నేను ఏడాదికోసారి పిల్లలకు ఉన్ని ముక్కలతో చేసి చూపించే ప్రయోగమే అది.

"రేపు ఆఫీసు కదా, చెప్పలేదా?"

"చెప్తినక్కా. రేపు ఆఫీసు గదా సార్, అందరూ సూస్తారు అంటి. అందుకే ఇది వెయ్యమ్మా అన్నాడు. ఏం చెయ్యమంటావు?"

నేను గోడకు ఆనుకున్నాను. అర్పిత గదిలో ఏదో పాట వస్తోంది.

"వెయ్యి," అన్నాను. "నుదుటికి వాజెలిన్ రాయొద్దు అంటారేమో. ఆ మాట వినకు."

"ఆ మాట అప్పుడే అనిండాడక్కా."

పన్నెండున్నరకు బెల్లు మోగింది. ఏదో పార్సిలు రావాల్సి ఉందని అర్పితే పరుగెత్తి తలుపు తీసింది. నేను వెనక, పిండి చేతులతో.

వరండాలో ఎండ నిండుగా ఉంది. ఆయన గుమ్మానికి అవతల నిలబడి ఉన్నారు. తలంతా ఎర్రగా, ఊదాగా, వంకాయకూ బీట్‌రూటుకూ మధ్యన ఏదో రంగులో వెలిగిపోతోంది. కనుబొమలు మాత్రం తెల్లగానే ఉన్నాయి. నా ఇరవై ఏళ్ళ కాపురంలో నేను చూసిన అతి వికారమైన తల అది. ఎదురింటివాళ్ళు తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసుకున్నారు. ఆయన వాళ్ళ వైపు తిరగలేదు.

అర్పిత తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

"అమ్మలూ, ఆ రోజు నేను నీకు..." అని మొదలుపెట్టారు ఆయన. మాట అక్కడితో ఆగిపోయింది. చేతులు కట్టుకుని నేల వైపు చూస్తూ నిలబడ్డారు, నా క్లాసులో హోంవర్కు తేని పిల్లలు నిలబడినట్టు.

అది ఆయన్ని చాలాసేపు చూసింది. గడపకు ఇవతల నుంచే చెయ్యి చాచి, చెవి పక్కన ఒక కుచ్చు పట్టుకుని వెలుగుకు తిప్పి చూసింది. దాని కళ్ళలో నీళ్ళున్నాయో, నవ్వుందో వెనక నుంచి నాకు కనపడలేదు.

"నాన్నా," అంది, "నీకిది అస్సలు బాగాలేదు."

"తెలుసమ్మా," అన్నారు ఆయన, చెప్పులు విప్పుకుంటూ.